చిలకకి రెండో బ్రేకు

మనిషి మొహం చూసి గుణం చెప్పేవాళ్ళు ఉంటారు. నేను కాళ్ళు చూసి చెబుతాను. కారు నడపడం నేర్పడం నా వృత్తి. భయస్తుడి కాలు బ్రేకు మీదే కాపురం ఉంటుంది. గొప్పలు పోయేవాడి కాలు యాక్సిలరేటర్ దిగదు. మొండివాడు క్లచ్ సగం తొక్కి గేరుతో యుద్ధం చేస్తాడు. నేర్చుకునేవాళ్ళు కుడివైపు సీట్లో కూర్చుంటారు, నేను ఎడమవైపు సీట్లో. నా కాళ్ళ ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. వాళ్ళు తొక్కాల్సిన చోట తొక్కకపోతే నేను తొక్కుతాను, తొక్కాక తిడతాను. తిట్లు ఫీజులోనే కలిసి ఉంటాయని మా స్కూలుకి పేరు.

ఊళ్ళో స్టీరింగ్ పట్టినవాళ్ళలో చాలామంది నా దగ్గర తిట్లు తిన్నవాళ్ళే. పళ్ళ డాక్టరు తిన్నాడు, మా వీధి పోస్ట్‌మాన్ తిన్నాడు, ట్రాఫిక్ పోలీసాయన కూడా తిన్నాడు. వాళ్ళందరూ నా పక్కన కూర్చున్నారు. మా నాన్న ఒక్కడే కూర్చోలేదు. స్కూలు తెరిచిన రోజున కొత్త కారు ఎక్కమని బతిమాలితే, "నడిచొస్తాలే, కాళ్ళకి మంచిది" అని ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. ఆ మాట నాకు అప్పుడూ గుచ్చుకుంది, ఇప్పుడూ గుచ్చుకుంటుంది.

నా మీద పగేమీ లేదు. ఆయన ఎవరి పక్కనా కూర్చోడు. బస్సెక్కితే డ్రైవరు వెనకాలే నిలబడి, మలుపు రాగానే కుడికాలు నేలకేసి నొక్కుతాడు. టాక్సీ ఎక్కితే దిగేలోగా డ్రైవరు చేత దణ్ణం పెట్టిస్తాడు. ఆయనకి సమ్మతమైన పక్క సీటు లోకంలో ఒక్కటే ఉంది. అది ఆయన నడుపుతుంటే చిలకలో మా అమ్మ కూర్చునే సీటు.

చిలక అంటే ఆయన కారు. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర సీట్లు, ఇద్దరికే చోటు, పైకప్పు మడిచేస్తే ఆకాశమే. మా నాన్న పెళ్ళికి ముందు కొన్న స్పోర్ట్స్ కారు. మేం పుట్టాక అన్నయ్య సీట్ల వెనక సామాన్ల అరలో, నేను అమ్మ ఒళ్ళో. అమ్మ ఒళ్ళో కూర్చుని నేను చూసిందల్లా నాన్న కాళ్ళు. బ్రేకు, యాక్సిలరేటర్, క్లచ్ మధ్య ఆ కాళ్ళు తిరుగుతుంటే హార్మోనియం మీద వేళ్ళు తిరుగుతున్నట్టు ఉండేది. పక్కన అమ్మ కుడికాలు కూడా ఊరికే ఉండేది కాదు. మలుపు వచ్చినప్పుడల్లా చాప మీద గట్టిగా అదిమేది. ఇప్పటికీ చిలకలో ఎడమవైపు చాప మీద సరిగ్గా ఒక పాదం మేర అరిగిపోయి ఉంటుంది.

"ఆ కారులో మీ నాన్న తొక్కిన బ్రేకులకంటే నేను తొక్కినవే ఎక్కువ" అంటుంది అమ్మ. "నావి పనిచెయ్యలేదు, అంతే తేడా."

నాన్నకి కళ్ళజోళ్ళ దుకాణం. ఊళ్ళో అందరి కళ్ళకీ పరీక్ష పెట్టిన మనిషి, లైసెన్సు మళ్ళీ రాయించుకోవడానికి వెళ్ళి కళ్ళ పరీక్షలోనే తప్పాడు. చూపు మధ్యలో మసక కమ్మింది. అద్దాలతో పోయే మసక కాదని ఆయనకే అందరికంటే ముందు తెలుసు. అంచులు మాత్రం బాగానే కనిపిస్తాయి. అందుకే మనతో మాట్లాడేటప్పుడు మన మొహం చూడడు, మన చెవి పక్కన గోడని చూస్తాడు. గోడని చూస్తే మొహం కనిపిస్తుందట. కొత్తవాళ్ళు వెనక్కి తిరిగి గోడ మీద ఏముందా అని వెతుక్కుంటారు.

లైసెన్సు పోయిన వారం నాన్న ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ తరవాత ఒక ఆదివారం మమ్మల్నిద్దరినీ పిలిచి, షెడ్డులో గుడ్డ కప్పి ఉన్న చిలక ముందు నిలబెట్టాడు. దాని చాసిస్, అంటే ఒంటిని కింద నుంచి మోసే ఇనుప చట్రం, తుప్పు పట్టి చాలాకాలమైంది. ఇంజిన్ బ్లాకు చిట్లింది. ఒళ్ళు మాత్రం ఎక్కడా సొట్ట లేకుండా నిగనిగలాడుతోంది.

"హోటలాయన చిలకని అమ్మమని మళ్ళీ అడిగాడు" అన్నాడు నాన్న. "హోటలు ముందు హాల్లో పెట్టుకుంటాట్ట. చుట్టూ పూలకుండీలు, పైన దీపం."

"చిలకని పంజరంలో పెడతావా నాన్నా?" అన్నాను.

"పెట్టక ఏం చెయ్యను? నేను నడపలేను. ఒకళ్ళు నడుపుతుంటే పక్కన కూర్చోలేను. కూర్చోలేని బండి ఇంట్లో ఎందుకు, రోజూ చూసి ఏడవడానికా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను బాగుచేయిస్తాను. నేను నడుపుతాను. నువ్వు నా పక్కన కూర్చో. ఒక్కసారి కూర్చుని, అప్పుడు చెప్పు."

నాన్న నా చెవి పక్కన గోడని చాలాసేపు చూశాడు. "సరే. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒక మాట మీదికొచ్చి చెయ్యండి. ఒంటి మీద రంపం పడకూడదు. నేను కూర్చుని, ఇంటికి తిరిగి వచ్చేదాకా దిగకుండా ఉండగలిగితే బండి మనది. మధ్యలో దిగిపోయానా, హోటలాయనది" అన్నాడు.

అన్నాచెల్లెళ్ళు ఒక మాట మీదికి రావాలన్నప్పుడే నాకు సగం ప్రాణం పోయింది. మా అన్నయ్య నీళ్ళ మోటార్లు అమ్ముతాడు. వాడికి ప్రపంచంలో ఏదైనా హార్స్‌పవర్ లెక్కలోనే అర్థమవుతుంది. పెళ్ళిచూపుల్లో వదిన ఏ పని చేస్తుందో అడగకుండా, వాళ్ళ ఇంట్లో మోటారు ఎంత శక్తిదని అడిగిన మనిషి. వదిన ఆ సంగతి ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఇలాంటి పాత కార్లకి కొత్త చాసిస్ తయారుచేసే వెల్డరు ఒకడు ఊరి చివర ఉన్నాడు. పాత ఒంటిని విప్పి, కొత్త చాసిస్ మీద, కొత్త ఇంజినూ గేరుబాక్సూ వెనక ఇరుసూ అమర్చి, మళ్ళీ ఆ ఒంటినే పైన కూర్చోబెట్టడం అతని పని. నా పాత శిష్యుడే. నా దగ్గర నేర్చుకునేటప్పుడు ఒకసారి "ఎందుకు?" అని ఎదురు ప్రశ్న వేసి, ఆ పాఠమంతా తిట్లు తిన్నాడు. ఇప్పుడు చేతి కింద పనివాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, మేం నలుగురం వెళ్తే నన్ను చూడగానే నోట్లోని చూయింగ్ గమ్ తీసి జేబులో వేసుకున్నాడు.

షెడ్డు గోడకి చాసిస్‌లు మంచాలు నిలబెట్టినట్టు నిలబెట్టి ఉన్నాయి. చిలకకి సరిపోయేవి మూడు రకాలు చూపించాడు. మొదటిది పాతదానికి అచ్చు నకలు. వెనక అవే కట్ట స్ప్రింగులు, గుంటలో పడితే అదే నడుం నొప్పి. దానికి పాత రకం ఇంజినే దొరికించుకోవాలి. రెండోది వెడల్పాటి గొట్టాలతో చేసిన భారీ చాసిస్. ఎనిమిది సిలిండర్ల ఇంజినూ, క్లచ్ అక్కర్లేని ఆటోమేటిక్ గేరూ దీనికి బిగుస్తాయి. మూడోది చదరపు ఇనుప గొట్టాలతో చేసిన తేలికపాటిది. దీనికి నాలుగు సిలిండర్ల కొత్త ఇంజిను, చేత్తో వేసే అయిదు గేర్లు. వెనక చక్రాలు దేనికది విడిగా లేస్తాయి, దిగుతాయి.

అన్నయ్య రెండోదాన్ని కౌగిలించుకోవడం ఒక్కటే తక్కువ. "ఎనిమిది సిలిండర్లే! తొక్కావా, ఇంక చూసుకో!"

"ఏం చూసుకోవాలి, ఆసుపత్రి దారా?" అన్నాను.

"నీకు కార్లంటే ఏం తెలుసు? నీ జన్మంతా రెండో గేరులోనే గడిచింది."

"నీ జన్మంతా బావి గట్టు మీద గడిచింది. నేనేమైనా అన్నానా?"

మా గొడవ మొదలైతే ఆగదని తెలిసి నాన్న మూడు చాసిస్‌ల చుట్టూ తిరుగుతున్నాడు. కళ్ళతో కాదు, చేత్తో. అతుకుల మీద బొటనవేలు పెట్టి నిమురుతున్నాడు. రెండోదాంట్లో పెద్ద ఇంజిను కూర్చునే చోట ఆగి వెల్డరుని అడిగాడు. "ఆ ఇంజిను బరువంతా ఎక్కడ పడుతుంది?"

"ముందు చక్రాల మీదే సార్."

"ముందు బరువెక్కువైతే కళ్ళజోడు ముక్కు మీంచి జారుతుంది. చిలక మలుపుల్లో జారుతుంది" అన్నాడు నాన్న. అన్నయ్య మొహం ముడుచుకున్నాడే గానీ పట్టు వదల్లేదు. జారకుండా వెడల్పు టైర్లు వేద్దామన్నాడు. వెడల్పు టైర్లకి ఒంటిని కొయ్యాలన్నాడు వెల్డరు. పక్కలు కొంచెం కోస్తే ఏమవుతుందని అన్నయ్య అంటే, నీ చెవులు కొంచెం కోస్తే ఏమవుతుందని నేను. అమ్మ మా ఇద్దరికీ కమలాపళ్ళు వొలిచి ఇచ్చింది. నోట్లో ఏదో ఒకటి ఉంటే కాసేపు అరవరని చిన్నప్పటి నుంచీ ఆవిడ ఉపాయం.

చివరికి నాకు తెలిసిన పరీక్షే పెట్టాను. "ఇంజిను సంగతి తరవాత. ముందు కాళ్ళ సంగతి చూద్దాం. కాళ్ళు పట్టే చోట రెండింటికీ చెక్కలు నిలబెట్టు" అన్నాను వెల్డరుతో.

అతను ఎందుకని అడగలేదు. చిలక లోపలి కొలతల ప్రకారం రెండో చాసిస్‌కీ, మూడో చాసిస్‌కీ చెక్కలు నిలబెట్టి, పెడల్స్ బిగించి, సీటు బదులు ఒక్కో చెక్కపెట్టె పెట్టాడు. అన్నయ్య దర్జాగా రెండోదాంట్లో కూర్చున్నాడు. ఆ పెద్ద గేరుబాక్సుకి వదలాల్సిన చోటే కారు నడుమ అంత మేరా ఆక్రమించుకుంది. కాళ్ళకి మిగిలింది ఒక సందు. అన్నయ్య పాదాలు మామూలు పాదాలు కావు. వాడి బూట్లలో పిల్లి ఈనింది ఒకసారి, ఇది అబద్ధం కాదు.

"బ్రేకు" అన్నాను పాఠం చెప్పే గొంతుతో.

వాడు తొక్కాడు. బ్రేకుతో పాటు యాక్సిలరేటర్ కూడా దిగింది.

"బ్రేకు మాత్రమే."

కాలు పక్కకి తిప్పి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ రెండూ దిగాయి. మూడోసారి బూటు విప్పి ప్రయత్నించాడు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. అది చూసి వెల్డరు పనివాళ్ళు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయారు.

"ఆగమంటే పరిగెత్తే బండి" అంది అమ్మ. "వాళ్ళ నాన్నే నయం."

అన్నయ్య కాసేపు ఆ చిల్లు వంకే చూసుకున్నాడు. తరవాత లేచి, మూడోదాంట్లో కూర్చుని, తొక్కి చూసి, "దీనికి ఎంత హార్స్‌పవర్?" అని నీరసంగా అడిగాడు. పాత చిలకకంటే రెట్టింపు అని వెల్డరు చెప్పగానే వాడి మొహం వెలిగింది. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా!" అంటూ వెల్డరు వీపు మీద ఒకటి చరిచాడు. అలా మా ఇద్దరికీ ఒకే మాట కుదిరింది. మా అమ్మ దాన్ని తన కమలాపళ్ళ ఖాతాలో వేసుకుంది.

తప్పు ఆ తరవాత జరిగింది. ఇంజినూ గేరుబాక్సూ తెప్పించి, చాసిస్ మీద తుది అతుకులు వేసే ముందు వెల్డరు నాకు ఫోను చేశాడు. నేను పాఠంలో ఉన్నాను. పక్కన బ్యాంకు మేనేజరుగారు చౌరస్తా నడిమధ్యలో ఇంజిను ఆర్పేసుకుని, నాలుగువైపులా హారన్లు మోగుతుంటే దేవుణ్ణి తలుచుకుంటున్నారు.

"టీచర్‌గారూ, పెడల్సూ స్టీరింగూ మీకు ఏ వైపు రావాలి?"

"నేనెప్పుడూ కూర్చునేది ఎడమవైపే కదయ్యా! ఇది కూడా అడగాలా?" అని అరిచి ఫోను పెట్టేశాను. ఇన్నేళ్ళుగా నేను కారెక్కడమంటే ఎడమ తలుపు తీసుకుని ఎక్కడమే. నా బ్రేకు ఎడమవైపు ఉంటుంది. నా సీటు ఎడమవైపు ఉంటుంది. మా ఇంట్లో సోఫాలో కూడా నేను ఎడమవైపే కూర్చుంటాను. మిగతా ప్రపంచం కుడివైపు కూర్చుని నడుపుతుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

చాసిస్ తయారైందని కబురొస్తే అందరం వెళ్ళాం. నల్లరంగు వేసి, చక్రాలు బిగించి, మధ్యలో ఇంజిను తళతళలాడుతూ కూర్చుని ఉంది. అన్నయ్య ఇంజిను చుట్టూ తిరుగుతున్నాడు. నేను అలవాటుగా ఎడమవైపుకి వెళ్ళాను. అక్కడ మూడు పెడల్స్, స్టీరింగు గొట్టం ఉన్నాయి. కుడివైపు పెడల్స్ బిగించే ఖాళీ బ్రాకెట్టు తప్ప ఏమీ లేదు.

"ఇదేంటి?" అన్నాను.

వెల్డరు చూయింగ్ గమ్ మింగేశాడు. "మీరే కదండీ ఎడమవైపు అన్నారు."

"నేనంటే మాత్రం? మన రోడ్ల మీద ఎవరైనా ఎడమవైపు కూర్చుని నడుపుతారా? నీకు తెలీదా?"

"తెలుసండీ. కానీ మిమ్మల్ని ఎందుకని అడగాలంటే..." అని ఆగిపోయాడు.

అన్నయ్య నేల మీద కూర్చుని నవ్వాడు. నిలబడి నవ్వడానికి వాడికి ఊపిరి చాలలేదు. "ఊరందరికీ కారు నేర్పే మహాతల్లి! స్టీరింగు ఎటుంటుందో తెలీదు! ఇది నేను అన్ని మోటార్ షాపుల్లోనూ చెబుతాను" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వాడి వెక్కిరింతకి కాదు. నాన్న పక్కన కూర్చోవాలని ఇంత చేసి, నన్ను నేను మళ్ళీ పక్క సీట్లోనే కూర్చోబెట్టుకున్నాను. నా తలకాయలో నడిపేవాళ్ళ సీటు నాది కానే కాదన్నమాట.

"మీరంతా కాస్త నోరు మూస్తారా" అని నాన్న గొంతు వినిపించింది.

ఈ గొడవలో ఆయన ఎప్పుడు వెళ్ళాడో, ఎడమవైపు చెక్కపెట్టె వేసుకుని కూర్చుని ఉన్నాడు. కుడికాలు బ్రేకు మీద ఉంది. నెమ్మదిగా తొక్కుతున్నాడు, వదులుతున్నాడు, తొక్కుతున్నాడు. లైసెన్సు పోయిన తరవాత ఆయన మొహంలో అంత నెమ్మది నేను చూడలేదు.

"బ్రేకు బాగుంది" అన్నాడు. "కాలికి ఆనింది."

ఆయన కాలు చూస్తూ నిలబడిపోయాను. కాళ్ళు చూసి గుణం చెబుతానని గొప్పలు పోయే నాకు మా నాన్న రోగం అప్పుడు తెలిసింది. ఆయనకి నా మీద నమ్మకం లేక కాదు. తొక్కడానికి ఏమీ లేని చోట కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. అమ్మ చాప మీద తొక్కి తృప్తిపడింది. ఈయన అంతమాత్రానికి తృప్తిపడే రకం కాదు.

వెల్డరుని పక్కకి పిలిచాను. అతను తిట్లకి సిద్ధపడి తల వంచుకుని వచ్చాడు.

"పెడల్స్ కుడివైపుకి మార్చగలవా?"

"మార్చొచ్చండి. స్టీరింగు పెట్టె మాత్రం వేరేది తెప్పించాలి. రెండు వైపులా బ్రాకెట్లు నేనెలాగూ వేస్తాను. ఎడమవైపు బ్రాకెట్టు కోసేసి శుభ్రం చేసేస్తానండీ."

"కొయ్యకు. ఉంచు. దానికి నా పాత స్కూలు కారులోంచి రెండో బ్రేకు తీసి బిగించు. కుడివైపు బ్రేకుకి కడ్డీ కలుపు."

అతను నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. పాపం, అడగలేకపోతున్నాడు.

"అడుగు, ఫరవాలేదు" అన్నాను.

"ఎందుకండీ?"

"మా నాన్నకి."

అతను వెనక్కి తిరిగి, చెక్కపెట్టె మీద కూర్చుని గాలిలో మలుపులు తిరుగుతున్న మా నాన్నని చూశాడు. "నిజంగా పనిచేసేదే పెట్టమంటారా, ఊరికే కదిలేదా?" అన్నాడు నెమ్మదిగా. ఊరికే కదిలేదైతే ప్రమాదం ఉండదని అతని ఉద్దేశం. నేను కూడా ఒక్క క్షణం ఆలోచించాను. కానీ మా నాన్నని పసిపిల్లాణ్ణి చేసి ఆడించడానికి నాకు మనసు రాలేదు. నిజంగా పనిచేసేదే పెట్టమన్నాను.

ఒంటిని చాసిస్ మీదికి దించిన రోజు గొలుసులకి వేలాడుతూ చిలక నిజంగానే ఎగిరినట్టు ఉంది. మరలు అన్నీ ఒక్కొక్కటిగా చోటు చూసుకుని బిగిశాయి. రంపం ఎక్కడా పడలేదు. అన్నయ్య ఇంజిను మొదటిసారి తిప్పి, ఆ చప్పుడుకి కళ్ళు మూసుకుని, ఏదో పాట విన్నట్టు తల ఊపాడు. ఆ మాత్రం ఆనందం వాడికి ఇవ్వాలి. చిల్లు మేజోడు సంగతి నేను మోటార్ షాపుల్లో చెప్పకుండా ఉంటే, ఎడమ పెడల్స్ సంగతి తను చెప్పనని ఒప్పందం చేసుకున్నాం.

నాన్నని కూర్చోబెట్టే రోజు వచ్చింది. ఉదయం ఎండ అప్పుడే వీధిలోకి దిగుతోంది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లకి పాలిష్ చేసుకుని, పరీక్షకి వెళ్ళేవాడిలా గేటు దగ్గర నిలబడ్డాడు. అమ్మ పాత చాప తెచ్చి ఎడమవైపు పరిచింది.

"అరిగిన చోట కాలు పెట్టుకోండి. అలవాటైన చోటు, దానికి దారి తెలుసు" అంది.

నాన్న సీట్లో కూర్చుని, కాలితో వెతికి, కొత్త పెడల్‌ని పట్టుకున్నాడు. నా వైపు తిరగలేదు. "ఇది పనిచేస్తుందా?" అన్నాడు.

"తొక్కి చూడు."

నేను కారు కదిలించి వీధి మొగ దాకా వెళ్ళానో లేదో, ఆయన తొక్కనే తొక్కాడు. ఎదురుగా పిట్ట కూడా లేదు. చిలక టక్కున ఆగింది, ఇంజిను ఆరిపోయింది. వెనక గేటు దగ్గర అమ్మా అన్నయ్యా పగలబడి నవ్వడం వినిపించింది.

"పనిచేస్తోంది" అన్నాడు నాన్న.

ఇంకెవరైనా అయితే నా నోటికి పని పడేది. ఆ రోజు నోరు నొక్కుకున్నాను. మళ్ళీ బయల్దేరాం. కూరగాయల బజారు దగ్గర మళ్ళీ తొక్కాడు. బడి ముందు మళ్ళీ. బేకరీ ముందు తొక్కినప్పుడు వెనక స్కూటరాయన తిట్టాడు, నేను తిరిగి తిట్టాను, దాంతో నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. నాన్న మాత్రం చెమటలు పట్టి, తలుపు పిడి మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఆ పిడి తిప్పాడంటే చిలక హోటలాయన పూలకుండీల మధ్యకి పోతుంది. నేను మళ్ళీ ఊరందరి పక్కనా కూర్చుంటాను, ఆయన ఒక్కడి పక్కన తప్ప.

"దిగుతావా నాన్నా?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ముందుకి పోనీ" అన్నాడు.

ఊరు దాటి దిగుడు రోడ్డు మొదలైంది. మలుపు మీద మలుపు. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళోంచి నేను ఆయన కాళ్ళు చూసింది ఈ రోడ్డు మీదే. కొత్త చాసిస్ నేలకి అంటుకున్నట్టు తిరుగుతోంది. ముందు బరువు లేదు, వెనక ఊగుడు లేదు. గేరు దించి, వేగం తగ్గించి, మలుపు నడుమ యాక్సిలరేటర్ మెల్లగా తొక్కి బయటికి లాగాను. ఎవరు నేర్పారో నాకే తెలియదు. ఎవరూ నేర్పలేదు, చూసి వచ్చింది.

నాలుగో మలుపో అయిదో మలుపో, ఎడమవైపు రాళ్ళ క్వారీ దారిలోంచి పాల వ్యాను ఒకటి వెనకాముందూ చూడకుండా రోడ్డు మీదికి దూకింది. నా కాలు నాకంటే ముందే బ్రేకు మీదికి వెళ్ళింది. చిలక ముక్కు వంచి, వంకర పోకుండా, వ్యానుకి జానెడు దూరంలో ఆగింది. వ్యాను డ్రైవరు బయటికి చూసి, నన్ను గుర్తుపట్టి, "నమస్తే టీచర్‌గారూ" అని అదే వేగంతో పారిపోయాడు. వాడు కూడా నా శిష్యుడే. తరవాత చెబుతాను వాడి పని.

అప్పుడు నాన్న కాళ్ళ వంక చూశాను. రెండో బ్రేకు మీద కాలు లేదు. రెండు కాళ్ళూ సీటు కిందికి ముడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో పడక్కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. తలుపు పిడి మీద చెయ్యి ఎప్పుడో తీసేశాడు.

"నాన్నా, వ్యాను కనబడలేదా?"

"ఎందుకు కనబడదు? పక్కనించి వచ్చేవి నాకు నీకంటే బాగా కనబడతాయి."

"మరి తొక్కలేదేం?"

"నువ్వు తొక్కుతావుగా" అన్నాడు.

ఆయన ఎదురుగా రోడ్డునే చూస్తూ అన్నాడు. "బజారు దాటిన దగ్గర్నుంచీ నేను రోడ్డు చూస్తున్నానని అనుకుంటున్నావు కదూ. ఎదురుగా ఉన్న రోడ్డు నాకెక్కడ కనబడుతుందే? ముందుకి చూస్తేనే పక్కన నువ్వు కనబడతావు. నిన్నే చూస్తున్నా. గేరు వేసేటప్పుడు పెదవి కొరుక్కుంటావు, నాలాగే." కాలితో ఆ పెడల్‌ని పక్కకి నెట్టాడు. "దీన్ని తీసేయించు. కాళ్ళు చాపుకోడానికి అడ్డంగా ఉంది."

నేను ఇంజిను కూడా ఆర్పకుండా అలాగే కూర్చున్నాను. ముందున్న రోడ్డు, మలుపు రాళ్ళు, చిలక ఆకుపచ్చ ముక్కు అన్నీ నీళ్ళలో తేలుతున్నాయి.

"ఏమే, కదలవేం?" అన్నాడు నాన్న. "నీకూ మసకేనా? రేపు దుకాణానికి రా, పరీక్ష చేస్తాను."

కొంగుతో కళ్ళు తుడుచుకుని మొదటి గేరు వేశాను. అమ్మ చాప మీద కాళ్ళు చాపుకుని, ఇంటి దాకా ఆయన ఏదో రాగం తీస్తూనే ఉన్నాడు.